హా కాదు, బే

కొవెష్‌రేవ్ ఊరు. నవంబరు, పొద్దున పది దాటింది. నది మీది నడక వంతెన కూలి తొమ్మిది రోజులైంది. నలుగురు పోయారు. వాళ్ళలో ఒకావిడ బొరిష్కా; ఆమె భర్త, పియానోలు శ్రుతి చేసే గెల్లెర్ట్, తన పనిగదిలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మునిసిపాలిటీ ఇంజనీరు ఇల్కా, చిన్నప్పుడు ఆయన దగ్గరే సంగీతం నేర్చుకున్న మనిషి. ఊళ్ళో పెద్ద మగవాళ్ళని ‘బాచి’, ఆడవాళ్ళని ‘నేని’ అంటారు; ఆయన్నీ ‘బాచి’ అనే పిలుస్తుంది.

"ఇక్కడేనా పెట్టాలి?"

"అక్కడ కాదు, కింద. ముందు చదవండి బాచీ."

"చదివేదేముంది. కళ్ళద్దాలు ఎక్కడో పెట్టాను."

"మీ నెత్తి మీదే ఉన్నాయి."

"ఆ. ఉన్నాయి. నువ్వే చదువు."

"‘నేను, బాన్‌హిది గెల్లెర్ట్, వయసు డెబ్బై నాలుగు. రెండేళ్ళుగా నా వినికిడి తగ్గుతూ వచ్చింది. ఈ ఏడు ఏప్రిల్లో వంతెనని పట్టి ఉంచే తీగలు కొట్టి విన్నప్పుడు, పదిహేడో తీగలో వచ్చిన మార్పు నాకు వినపడలేదు. నేను రాసిచ్చిన స్వరాలు నమ్మదగినవి కావు.’ అంతే. నాలుగు ముక్కలు."

"బాగా రాశావు."

"నేను రాయలేదు. ఆఫీసులో రాశారు."

"ఎవరు?"

"ఆఫీసులో."

"సరే. పెన్ను ఇలా ఇవ్వు."

"మీకేం కాదు బాచీ. జబ్బు చేసిన మనిషిని ఎవరూ ఏమీ అనరు. చెవి పోవడం నేరం కాదు కదా. పన్నెండింటికి విచారణ కమిటీ కూర్చుంటుంది. అప్పటికి ఈ కాగితం వాళ్ళ బల్ల మీద ఉంటే చాలు. మిమ్మల్ని పిలవను కూడా పిలవరు."

"నన్ను పిలవరు."

"పిలవరు."

"బొరిష్కాని కూడా పిలవరు."

"బాచీ..."

"కాఫీ తాగు. రెండు కప్పులు కలిపాను. అలవాటు. ఇవాళ రెండోది నీకు పనికొచ్చింది."

"చల్లారిపోయింది."

"ఎప్పుడు కలిపానో మరి. చక్కెర వేసి తిప్పు, తాగొచ్చు... డే. కొంచెం తక్కువ."

"ఏంటి?"

"కప్పు. నీ చెంచా తగిలింది కదా. డే స్వరం పలికింది. అంచు బీటిచ్చినట్టుంది, అందుకే కొంచెం కిందికి ఉంది."

"మీకు... వినపడిందా?"

"పింగాణీకేం, వినపడుతుంది."

"బాచీ, ఈ మాట ఎవరి దగ్గరా అనకండి. ఈ ఒక్క నెలా. దయచేసి."

"కప్పు సంగతా?"

"కప్పు సంగతే."

"సరే. అనను."

"పెన్ను అదిగో, మీ చేతి కిందే ఉంది."

"ఆ. ఉంది."

"గెల్లెర్ట్! తలుపు తీసే ఉందేం? పొగాచా రొట్టెలు తెచ్చాను, పొయ్యిలోంచి ఇప్పుడే తీశాను, వేడి మీద తిను. ఓహో. ఇంజనీరమ్మ కూడా ఉందే."

"రా రోజీ. కూర్చో."

"నమస్కారం రోజి నేని."

"నమస్కారానికేం లోటు లేదు నీ దగ్గర. నేను కూర్చోను. పక్కింటిదాన్ని, చూసి పోదామని వచ్చాను. నిన్నటి పులుసు గిన్నె ఏది? ముట్టుకోనే లేదు! గెల్లెర్ట్, తొమ్మిది రోజుల నుంచి నువ్వు ఏం తింటున్నావు?"

"తింటున్నాను."

"ఏం?"

"ఏదో."

"ఏదో అట! రొట్టెల కొట్లో ఏమంటున్నారో తెలుసా? నీకు చెవుడట. నీ చెవుడు వల్లే నలుగురు పోయారట. గురువారం నుంచీ ఇదే మాట. నాకు ఒళ్ళు మండిపోయి, ‘ఒరేయ్, నేను గోడ అవతల రేడియో పెడితే, మూడో స్టేషను శ్రుతి తప్పింది కట్టెయ్ అని ఇవతల నుంచి అరిచే మనిషి రా ఆయన’ అన్నాను. ఎవడు మొదలెట్టాడో గానీ ఆ మాట, వాడి నోట్లో మన్ను పడ."

"గురువారమా?"

"గురువారమే. పాతిపెట్టిన మర్నాడు."

"కాగితం మీద మాత్రం ఇవాళ్టి తేదీ ఉంది, ఇల్కా."

"ఏ కాగితం? ఏంటా కాగితం?"

"ఆఫీసు కాగితం నేని. మామూలుదే."

"మీ ఆఫీసులో మామూలుది ఏముందని! మేయరు శవపేటికల ముందు ఏడ్చాడు, భుజాన అధికార పట్టీ నలగకుండా ఏడ్చాడు. వేడినీళ్ళ స్నానశాలకి కొత్త రాళ్ళు పరిచారు, అది మాత్రం ఆగలేదు. అదంతా సరే, ఆ దీపం ఆర్పండమ్మా! తల్లీ, నీకు దండం పెడతాను."

"ఏ దీపం?"

"వంతెన గేటు దగ్గరది! మీరే పెట్టారు కదా బోర్డు, ‘తెలివైన ఊరు’ అని రాసి, ‘ఈ వంతెన నేడు క్షేమం’ అని కింద ఒక ఆకుపచ్చ దీపం. వంతెన నీళ్ళలో పడి ఉంది. గేటు అవతల ఏమీ లేదు, గాలి ఉంది. ఆ దీపం ఇంకా పచ్చగా వెలుగుతోంది. పువ్వులు పెట్టడానికి వెళ్ళినవాళ్ళ మొహాల మీద ఆ పచ్చ వెలుతురు పడుతోంది. సిగ్గనిపించదా మీకు?"

"అది... ఏప్రిల్ కొలతల మీద నడుస్తుంది నేని. కొత్త కొలతలు ఇచ్చేదాకా మారదు. ఇవాళ చెప్తాను."

"చెప్పు. ఆర్పడానికి ఎన్ని సంతకాలు కావాలో అవి కూడా కనుక్కో. నేను పోతున్నాను. గెల్లెర్ట్, రెండన్నా తిను. ఆవిడకి పెట్టకు."

"రోజీ అలాగే మాట్లాడుతుంది. తీసుకో. బాగుంటాయి."

"వద్దు బాచీ."

"ఆవిడ పిండిలో పందికొవ్వు కొంచెం ఎక్కువ వేస్తుంది. బొరిష్కా ఆ మాట అనేది."

"బాచీ, టైము..."

"పదకొండు కాలేదు. గంట కొట్టలేదు ఇంకా. చర్చి గంట నాకు వినపడుతుందిలే. ఆ, ఈ మాట కూడా అనకూడదు కదా."

"మీరు నన్ను దెప్పిపొడుస్తున్నారు."

"లేదు పిల్లా. పొడవాలంటే ఓపిక కావాలి. పెడతాను సంతకం. ఇందులో పెద్ద అబద్ధం ఏముందిలే."

"అయితే ఇంకొకటి కూడా... మీ నోట్‌బుక్ కావాలి."

"ఏది?"

"ఈ ఏడుది. ఏప్రిల్ది. కాగితంతో పాటు జత చెయ్యాలన్నారు."

"జత చెయ్యడానికా, దాచడానికా?"

"బాచీ!"

"అడిగాను అంతే. అదిగో, పియానో మీద ఉంది. ఎర్ర అట్టది. నువ్వే తియ్యి. నాకు మోకాళ్ళ నొప్పులు."

"ఇదేనా?"

"అదే. తీశావు కదా, పదిహేడు తియ్యి. ఎగువ వైపు పదిహేడు. చదువు."

"ఎందుకిప్పుడు..."

"చదువు."

"పదిహేడు. నిరుడు హా. ఈ ఏడు... బే."

"కింద గీత ఉందా?"

"రెండు గీతలు ఉన్నాయి."

"పక్కన?"

"‘పదహారు, పద్దెనిమిది వెంట్రుకంత పైకి. వీళ్ళిద్దరూ దాని బరువు మోస్తున్నారు. ఇల్కాకి చూపించాలి.’"

"చూపించాలి అని రాశాను. చూపించానా?"

"నోట్‌బుక్ ఇచ్చారు. కంప్యూటర్లో ఎక్కించుకుని తిరిగిచ్చాను."

"మార్కెట్లో కూడా అడిగాను నిన్ను. ఏప్రిల్లోనే. ముల్లంగి కట్టలు పట్టుకుని ఉన్నావు. పదిహేడు చూశావా అన్నాను."

"అడిగారు."

"ఏమన్నావు?"

"మోడల్‌కి, అదే కంప్యూటర్ లెక్కకి, అంతా బాగానే ఉంది బాచీ, నిశ్చింతగా ఉండండి అన్నాను."

"ఆ. అన్నావు. నిశ్చింతగానే ఉన్నాను. ఇప్పుడు నాకు ఒక్కటి అర్థం కాలేదు. కోపంతో అడగట్లేదు. కోపం రావట్లేదు, నిన్న రాత్రి తెచ్చుకుందామని చూశాను కూడా. ఇరవై ఒక్క ఏళ్ళ కింద ఈ గదిలోకి నువ్వే వచ్చావు. తీగ తీగే బాచీ, పియానోదైనా వంతెనదైనా దాని సమీకరణం ఒకటే అన్నావు. స్వరం తెలిస్తే బిగువు తెలుస్తుందన్నావు. మీ చెవి, నా లెక్క, రెండూ కలిస్తే ఊరికి ఒక్క కొలత యంత్రం కొనక్కర్లేదు అన్నావు."

"అన్నాను."

"ప్రతి ఏప్రిల్లో కొయ్య సుత్తి పట్టుకుని అరవై ఆరు తీగలు కొట్టాను. వానలో కూడా కొట్టాను. బొరిష్కా గొడుగు పట్టేది. మరి హా కాస్తా బే అయితే, అరమెట్టు దిగితే, బిగువు ఎంత పోయినట్టు?"

"నూటికి పదకొండు."

"నీ మోడల్ ఎంతకి ఎరుపు చూపిస్తుంది?"

"పదికి."

"ఎరుపు చూపించిందా?"

"లేదు."

"పసుపు?"

"లేదు బాచీ. మార్పు సున్నా అని చూపించింది."

"సున్నా ఎలా అవుతుంది? నేను రెండు గీతలు గీశాను."

"గీతలు అది చదవదు."

"అక్షరం చదువుతుంది కదా."

"అక్షరమే చదువుతుంది."

"మరి, ఇల్కా?"

"పాత ప్రోగ్రాం నేను సొంతంగా రాసుకున్నది. దానికి మన అక్షరాలు వచ్చు. ఈ జనవరిలో అది తీసేసి బయటి దేశం నుంచి కొత్తది తెచ్చారు. అందమైన బొమ్మలు, రంగులు, గేటు దగ్గర దీపం, అన్నీ దాంతోనే వచ్చాయి. దానికి హా తెలీదు."

"హా తెలీదా?"

"ప్రపంచంలో సగం మందికి తెలీదు బాచీ. మనం హా అనేదాన్ని వాళ్ళు బే అంటారు. మనం బే అనేదాన్ని వాళ్ళు ‘తగ్గిన బే’ అంటారు."

"అది నాకు తెలుసు. విదేశీ అచ్చు పుస్తకాలు వచ్చినప్పుడు నీకు నేనే చెప్పాను. నీకు ఆరేళ్ళు. ఆ బల్ల మీదే కూర్చునేదానివి. జాగ్రత్త, వాళ్ళ బే మన బే కాదు అని నీ వేలు పట్టుకుని పియానో మెట్ల మీద పెట్టి చూపించాను."

"చూపించారు."

"తర్వాత?"

"మీ నోట్‌బుక్ ఎక్కించగానే, హా ఉన్న ప్రతిచోటా తప్పు తప్పు అని ఎర్రగా వచ్చింది. అందుకని ప్రోగ్రాంలో ఒక లైను రాశాను. హా కనపడితే బే అని మార్చుకో అని. పాత పుస్తకాలన్నీ కూడా ఆ లైనులోంచే పంపాను."

"సరైనదే కదా. వాళ్ళ లెక్కకి మన హా వాళ్ళ బేనే."

"సరైనదే. దాని వెనకే రెండో లైను రాయాలి. మన బే కనపడితే తగ్గిన బే అని మార్చుకో అని."

"రాశావా?"

"రాయలేదు. బే అన్న అక్షరం దానికి ముందే తెలుసు కదా బాచీ. తెలియని అక్షరం చూసి అరిచింది. తప్పుగా తెలిసినదాన్ని చూసి అరవలేదు. ఎర్రగా రాలేదు. ఎర్రది ఏమీ లేదు కాబట్టి ఇంక పని అయిపోయిందనుకున్నాను. శుక్రవారం సాయంత్రం. ఇంటికి వెళ్ళిపోయాను."

"అంటే నిరుడు హా. అది బే అయింది."

"అయింది."

"ఈ ఏడు బే. అది బేగానే ఉండిపోయింది."

"ఉండిపోయింది."

"రెండూ ఒకటే."

"దానికి ఒకటే. మార్పు సున్నా. ఆకుపచ్చ."

"పక్కవాళ్ళిద్దరూ వెంట్రుకంత పైకి అని రాశాను."

"వెంట్రుకకి అందులో గడి లేదు."

"గడి లేదు. సరే."

"ఆ ఆకుపచ్చ చుక్క అక్కడితో ఆగలేదు. నా రెండో మోడల్లోకి వెళ్ళింది. ఏ మరమ్మతు ముందు, ఏది వెనక అని చెప్పేది. వంతెన మూడో వరసలో ఉండేది. చుక్క పచ్చగా ఉంది కాబట్టి పధ్నాలుగుకి పోయింది. స్నానశాల రాళ్ళు ముందుకొచ్చాయి. ఎవరూ లంచం తినలేదు బాచీ, ఎవరూ దొంగ సంతకం పెట్టలేదు. అన్నీ నియమం ప్రకారమే జరిగాయి. పదిహేడు తెగింది, దాని వెంట పక్కవి చొక్కా బొత్తాల్లాగా ఊడిపోయాయి."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండో రోజు."

"పాతిపెట్టకముందే."

"ముందే."

"సమాధి దగ్గర నా పక్కనే నిలబడ్డావు. గొడుగు పట్టావు."

"పట్టాను."

"ఆఫీసులో ఎవరికి చెప్పావు?"

"పై అధికారికి చెప్పాను. ఇంజనీరు తప్పు అంటే ఊరి తప్పు అవుతుంది, ముసలాయన చెవి అంటే ఎవరి తప్పూ కాదు అన్నాడు. నేను... సరే అన్నాను. అప్పుడే రొట్టెల కొట్లోకి మాట వెళ్ళిపోయింది. కాగితం ఆలస్యమైంది, అంతే."

"ఎవరి తప్పూ కాదు. అలా కూడా ఉంటుందా?"

"ఏదో ఒకటి అనండి బాచీ. తిట్టండి. ఆ కప్పు తీసి నా మొహాన కొట్టండి. మీరిలా సరే, సరే అంటుంటే నేను..."

"కప్పు బొరిష్కాది. ఏడవకు. నేను ఏడవట్లేదు కదా. అదేంటో రావట్లేదు. లోపల తీగలన్నీ సడలించేసిన పియానో పెట్టెలాగా ఉంది. ఎక్కడ నొక్కినా టక్కుమంటుంది, అంతే."

"నేను వెళ్తాను. నేనే వెళ్ళి చెప్తాను. కాగితం ఇలా ఇవ్వండి, చింపేస్తాను. నోట్‌బుక్ పట్టుకెళ్ళి ఆ పేజీ వాళ్ళ ముందు పెడతాను. హా ఇది, బే ఇది, రాయని లైను నాది అంటాను. జైలంటే జైలే. మీరు సంతకం పెట్టొద్దు బాచీ. మీ చెవులకి ఏమీ కాలేదు. మీరు సరిగ్గానే విన్నారు. ఈ ఊళ్ళో సరిగ్గా విన్నది మీరొక్కరే."

"చింపకు. అటుంచు. కళ్ళద్దాలు పెట్టుకోనీ. ఒకసారి నేను చదువుతాను."

"ఇంకా చదవడమెందుకు, అన్నీ అబద్ధాలే."

"అన్నీ కాదు. ఒక్క ముక్క దగ్గరే నా చెయ్యి ఆగింది పొద్దుటి నుంచీ. ‘వినపడలేదు’ అని ఉంది చూడు. ఇక్కడ."

"అదే కదా పెద్ద అబద్ధం. ఏప్రిల్లో మీకు వినపడింది."

"ఏప్రిల్ కాదు. ఆ రోజు."

"ఏ రోజు?"

"ఆ రోజే. పొద్దున బొరిష్కాని గేటు దాకా దిగబెట్టాను. అవతలి ఒడ్డున వాళ్ళ అక్కకి మందులు ఇవ్వాలి. గాలి కొడుతోంది. పదిహేడోది ఎవరూ కొట్టకుండానే పలుకుతోంది. బే కాదు. బే కన్నా బాగా కిందికి దిగిపోయి, మూలుగుతోంది."

"ఆగండి. మీకు వినపడిందా? ఆ పొద్దున?"

"ఇప్పుడు నీ చెంచా వినపడినట్టే వినపడింది. నిలబడిపోయాను. ఏంటి అలా నిలబడ్డావ్ అంది. చెప్పబోయాను. తలెత్తితే నీ దీపం. పచ్చగా ఉంది. వంద లెక్కలు కట్టే యంత్రం, ఇల్కా చేసిన యంత్రం, దానికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను."

"బాచీ..."

"రోజీ తిట్టింది కదా, ఆ మాట ఎవడు మొదలెట్టాడో అని. మీ ఆఫీసు కాదు పిల్లా. రొట్టెల కొట్టు కాదు. అందరికన్నా ముందు ఆ గేటు దగ్గర నిలబడి అన్నది నేనే. ‘నా చెవులు పోయినట్టున్నాయి బొరీ, నువ్వు వెళ్ళు’ అన్నాను."